లిలియస్ ఏడీ తన నేరం తనే ఎందుకు ఒప్పుకుంది?

మీరు అడిగింది ఇదీ: ఎడిన్‌బరో చూడ్డానికి వెళ్లినప్పుడు గైడ్ లిలియస్ ఏడీ అనే ముసలామె కథ చెప్పాడు. 1704లో ఆమెను మంత్రగత్తె అన్నారట, సాతానుతో ఒప్పందం చేసుకున్నానని ఆమే స్వయంగా చెప్పిందట. "కొట్టినట్టు ఎక్కడా లేదు కదా, మరి ఎందుకు ఒప్పుకుంది? ఎంతో కొంత నిజం ఉండబట్టేనా? చివరికి సజీవంగా కాల్చేశారా?" అన్నారు.

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. కాల్చలేదు. శిక్ష దాకా కేసు వెళ్లనే లేదు, నిర్బంధంలోనే చనిపోయింది. శవాన్ని సముద్రపు ఒడ్డున, పోటుకి మునిగి ఆటుకి తేలే బురదలో పాతి, పైన పెద్ద రాతి పలక వేశారు. ఇంకో మాట. స్కాట్లాండ్‌లో "సజీవంగా కాల్చేవారు" అని అందరూ అంటారు గానీ, చాలామందిని ముందు గుంజకు కట్టి, గొంతు బిగించి చంపి, తర్వాత శవాన్ని కాల్చేవారు. ప్రాణంతో కాల్చడం అరుదు. 1591లో యుఫేమ్ మెకాల్జీన్ అనే ఆమెకు అలా జరిగింది.

"ఎందుకు ఒప్పుకుంది" అన్నదానికి జవాబు పొడుగు. ఓపిక ఉంటే చదవండి.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. గుంటూరు కోర్టుల్లో ఇరవై ఆరేళ్లు క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేశాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర డన్‌ఫర్మ్‌లిన్‌లో ఉంటున్నా. లిలియస్ ఊరు టోరీబర్న్ ఇక్కడికి పడమరగా ఐదారు మైళ్లు, ఫోర్త్ నది సముద్రంలో కలిసే పాయ ఒడ్డున. ఆ ఊరి చర్చి మినిట్స్‌లో ఈ కేసు భాగం 19వ శతాబ్దంలోనే అచ్చయింది. ఖాళీగా ఉన్న చలికాలంలో తెచ్చుకుని చదివాను. భాష పాత స్కాట్స్, మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డా. నాలుగు పేజీలు దాటాక మాత్రం ఇది నాకు బాగా పరిచయమున్న కాగితమే అనిపించింది. వాంగ్మూలం. ముద్దాయి చెప్పినట్టుంటుంది, చేతిరాత వేరేవాళ్లది.

ఒక్క విషయం ముందే విడదీయాలి. మంత్రగత్తె అనగానే మనకు చేతబడి, బాణామతి గుర్తొస్తాయి: ఎవరో ఎవరికో ఏదో చేశారు, అందుకే రోగం వచ్చింది, గేదె చచ్చింది. స్కాట్లాండ్ పల్లెల్లో ఇరుగుపొరుగు వాళ్లకీ భయం అలాంటిదే. పాలు విరిగాయి, పిల్లవాడు జబ్బు పడ్డాడు, మొన్న ఫలానా ఆమె గొణుక్కుంటూ వెళ్లింది. కానీ పాస్టరుకీ న్యాయాధికారులకీ అసలు నేరం అది కాదు. వాళ్ల లెక్కలో బాప్తిస్మాన్ని వదులుకుని సాతానుకు తనను తాను ఇచ్చుకోవడమే నేరం. గేదె చచ్చిందో లేదో సాక్షి చెప్పగలడు. సాతానుతో ఒప్పందం జరిగిందని ఏ సాక్షి చెప్తాడు? అక్కడ ఉన్నది ఇద్దరే. ఒకడు కోర్టుకు రాడు. ఇక మిగిలింది ముద్దాయి నోరే. ఒప్పుకోలు లేకపోతే కేసు నిలబడడం కష్టం. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

చట్టం 1563 నాటిది. మంత్రవిద్య చేసినా, చేసేవాళ్ల దగ్గరికి సలహాకు వెళ్లినా మరణశిక్షే. 1736లో గానీ అది రద్దు కాలేదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు దొరికిన రికార్డులన్నీ జల్లెడ పట్టి 3,837 మంది నిందితులని తేల్చారు. నూటికి 84 మంది ఆడవాళ్లు. అందరికీ మరణశిక్ష పడలేదు. చంపినవాళ్లు సుమారు 2,500 మంది ఉంటారని ఒక అంచనా. అప్పటి దేశ జనాభా పది లక్షలు, ఆ లెక్కన చూస్తే పక్కనున్న ఇంగ్లండ్ కంటే ఇక్కడ చాలా ఎక్కువ. ఏటా ఒకేలా కూడా జరగలేదు. 1590-91, 1597, 1628-30, 1649-50, 1661-62లో ఉప్పెనలా వచ్చింది, మధ్యలో సద్దుమణిగింది. లిలియస్ కేసు వచ్చేసరికి పెద్ద ఉప్పెనలన్నీ వెనక్కి తగ్గాయి. ఎడిన్‌బరోలో పెద్ద లాయర్లకు ఇలాంటి కేసుల మీద నమ్మకం సన్నగిల్లుతోంది. ఊళ్లో పాస్టర్లకు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు టోరీబర్న్‌కి వద్దాం.

ప్రతి ఊరి చర్చికీ కర్క్ సెషన్ ఉండేది. పాస్టరు, సంఘ పెద్దలు కలిసి కూర్చునే సభ. మన రచ్చబండ లాంటిదే, కాకపోతే పుస్తకం రాస్తారు. ఆదివారం పనిచేసినవాడు, పెళ్లి కాకుండా గర్భం వచ్చినమ్మాయి, తాగి గొడవ చేసినవాడు, పక్కింటామెను తిట్టినామె, అందరూ అక్కడికి రావాల్సిందే. మరణశిక్ష వేసే అధికారం ఈ సభకు లేదు. విచారించి, ఒప్పుకోలు రాబట్టి, కాగితాలు తయారుచేస్తుంది. దాని మీద విచారణకు అనుమతి ఎడిన్‌బరోలోని ప్రివీ కౌన్సిల్ ఇవ్వాలి, అంటే దేశ పాలన చూసే మండలి. మన భాషలో చెప్పాలంటే ఎఫ్ఐఆర్, దర్యాప్తు, చార్జిషీటు అన్నీ పాస్టరు గారి చేతుల్లోనే. ఇక్కడ ఆ పాస్టరు పేరు అలన్ లోగన్. మంత్రగత్తెల విషయంలో మహా పట్టుదల మనిషి.

1704 వేసవిలో జీన్ బిజెట్ అనే ఆవిడ రాత్రిపూట పిచ్చెత్తినట్టు కేకలు వేసింది. నీలం డబ్లెట్ వేసుకున్న లిల్లీ వస్తోంది, నన్ను కాపాడండి అని. డబ్లెట్ అంటే బిగుతైన పొట్టి కోటు. నీలం డబ్లెట్ లిల్లీ అంటే ఆ ఊళ్లో ఎవరో అందరికీ తెలుసు. సెషన్ సాక్షుల్ని పిలిచింది. ఆ రోజు ఎవరింట్లో ఉంది, ఏమంది, ఎలా ఉంది అని అడిగారు. బిజెట్ తాగి ఉందన్న మాట కూడా సాక్ష్యాల్లో వచ్చింది. నేను డిఫెన్సులో ఉంటే అక్కడే పట్టుకునేవాణ్ణి: "ఆ రోజు ఎంత తాగారమ్మా?" కానీ సెషన్‌లో డిఫెన్సు లాయరు ఉండడు. ఆ మాట పుస్తకంలోకి ఎక్కింది, అంతకు మించి ఏమీ జరగలేదు. విచారణ బిజెట్ సీసా వైపు కాకుండా లిలియస్ వైపు నడిచింది.

జూలై 29న లిలియస్‌ను కూర్చోబెట్టారు. నిజమే చెప్పాలని హెచ్చరిస్తే, నేను చెప్పేది ఆకాశంలో సూర్యుడున్నంత నిజం అంది. తర్వాత చెప్పింది ఇదీ.

సాతానును మొదట కలిసింది టోరీబర్న్‌కీ న్యూమిల్‌కీ మధ్య, కోతల కాలంలో, పొద్దు గుంకక ముందు. మర్నాడు కలుద్దామన్నాడు. వెళ్లింది. కోసిన పనలు నిలబెట్టిన చోటుకు తీసుకెళ్లాడు. బాప్తిస్మాన్ని వదులుకోమన్నాడు. ఒక చెయ్యి ఆమె నడినెత్తి మీద, ఇంకో చెయ్యి అరికాళ్ల మీద పెట్టి, ఈ రెంటి మధ్య ఉన్నదంతా నీదే అని ఆమె చేత అనిపించుకున్నాడు. ఆమెతో పడుకున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది. రంగు నలుపూ పాలిపోయిన తెలుపూ. తలకు టోపీ ఉంది. వెళ్లిపోయేటప్పుడు చూస్తే పాదాలు కోడెదూడ గిట్టల్లా చీలి ఉన్నాయి.

ఈ పేరా చదివి చాలామంది "ఇంత వివరంగా ఎలా చెప్పగలిగింది, అబద్ధమైతే?" అనుకుంటారు. మీ అనుమానమూ అదేననుకుంటా. నాకు తెలిసినంతలో వివరాలు ఎక్కువుంటే నిజం ఎక్కువున్నట్టు కాదు. ప్రశ్నలు ఎక్కువ అడిగినట్టు.

నా కేసు ఒకటి చెప్తాను, స్టేషన్ పేరు వద్దు. లారీ క్లీనర్ కుర్రాడు, పంతొమ్మిదేళ్లు. ఒకరింట్లో బంగారం పోయిన కేసులో లోపలేశారు. రెండో రోజు పొద్దుటికల్లా ఒప్పుకున్నాడు. వాడి స్టేట్‌మెంట్ నా చేతికొచ్చినప్పుడు భలే ఉంది: వెనక గోడ దూకాను, వంటింటి కిటికీ ఊచ వంచాను, బీరువా తాళం రాడ్డుతో పెకిలించాను, ఎర్ర పర్సులో నెక్లెస్ ఉంది. జైల్లో కలిసి, బీరువా ఏ రంగురా అన్నాను. "నాకేం తెలుసు సార్, అది వాళ్లు అడగలేదు" అన్నాడు. గోడ ఎటువైపో, కిటికీ ఏ గదిదో, పర్సు ఏ రంగో వాళ్ల ప్రశ్నల్లోంచే తెలిసింది వాడికి. "ఎర్ర పర్సు ఎక్కడ పారేశావురా" అంటే, పర్సు ఎర్రదని వాడికి అప్పుడే తెలిసింది. తర్వాత అసలు దొంగ వేరే కేసులో దొరికాడు.

మన సాక్ష్య చట్టంలో 1872 నుంచీ సెక్షన్ 25 ఉంది. పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. కొత్త సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 23 అయింది. మేజిస్ట్రేటు దగ్గర ఒప్పుకోవాలన్నా, ఒప్పుకోవాల్సిన పని లేదమ్మా, ఒప్పుకుంటే నీ మీదే వాడతారు అని ఆయన ముందు చెప్పాలి, ఆలోచించుకోవడానికి టైమివ్వాలి. జూనియర్‌గా ఉన్నప్పుడు ఇదంతా నాకు చాదస్తంలా అనిపించేది. ఆ కుర్రాడి కేసు తర్వాత అనిపించలేదు. టోరీబర్న్‌లో పోలీసు, మేజిస్ట్రేటు, ఆత్మను రక్షిస్తానని చెప్పే పాస్టరు ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చున్నారు. నిజం ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని ఆయన చెప్తాడు. ఆ మాట ఆయనా నమ్ముతాడు, ఆమె కూడా నమ్ముతుంది. లాఠీ కంటే బలమైనది అది.

లిలియస్ మినిట్స్‌లో ప్రశ్నలు చాలావరకు రాయలేదు. "ఆమె చెప్పింది, ఇంకా చెప్పింది" అనే ధోరణి. ఒక్కోచోట మాత్రం గుమాస్తా "అడగ్గా" అని రాశాడు. అక్కడ పని ఎలా జరిగిందో కళ్లకు కడుతుంది. సాతానుతో మంత్రగత్తెలు గుమిగూడిన సభల గురించి చెప్తోంది. ఒక సభలో వెన్నెల ఉంది, సాతాను పోనీ గుర్రమెక్కి వచ్చాడు, వీళ్లు చప్పట్లు కొట్టి అదిగో మన ప్రభువు అని అరిచారు, గంటసేపు కలిసి ఆడారు. ఇంకో సభ వ్యాలీఫీల్డ్‌లో ఒకాయన ఇంటి వెనక. ఆ రాత్రి వెన్నెల లేదంది. అంతే, ప్రశ్న పడింది: మరి వెలుతురు ఉందా?

ఇక్కడ ఆగండి. కోర్టులో క్రాస్ చేసేటప్పుడు మేం చేసేది ఇదే. వెన్నెల లేదన్నావు, కరెంటు లేదన్నావు, మరి ముద్దాయి మొహం ఎలా చూశావు? అబద్ధం చెప్పే సాక్షి అయితే తడబడి ఏదో ఒకటి కల్పిస్తాడు, మేం సంతోషిస్తాం, ఎందుకంటే జడ్జి ఆ కల్పనను పట్టుకుంటాడు. ఇక్కడ కల్పనను పట్టుకునేవాడు లేడు, రాసుకునేవాడే ఉన్నాడు. లిలియస్ ఏమందంటే, వెలుతురు వచ్చింది, చీకట్లోంచి వచ్చింది, అదేం వెలుతురో నాకు తెలీదు, చీకటి నుంచి వచ్చిందని మిగతావాళ్లు అనుకుంటుంటే విన్నాను. కొవ్వొత్తంత కూడా లేదు, నీలంగా ఉంది, అటూ ఇటూ తిరుగుతూ అందరికీ వెలుగిచ్చింది. ఆ సభకొచ్చిన సాతాను టోపీ చెవుల్నీ మెడనీ కప్పేసింది.

చీకట్లోంచి వచ్చిన వెలుతురు. ఈ వాక్యాన్ని ఎత్తి రాసి భూతప్రేతాల కథలు అల్లినవాళ్లున్నారు. నాకు అందులో దయ్యం కనబడదు. ఇరుకున పడిన మనిషి కనబడుతుంది. ప్రశ్న వేశారు, జవాబు ఇవ్వాలి, దీపం అంటే ఎవరి దీపం అని అడుగుతారు, ఏ ఇంటి నుంచి తెచ్చారని అడుగుతారు. ఎవరిదీ కాని వెలుతురు కావాలి.

మరి కథ మూలం ఎక్కడ దొరికింది ఆమెకు? అదీ ఆమె నోటితోనే చెప్పింది. సాతానుతో ఒప్పందం ఎప్పటిది అంటే, ఈ ఊళ్లో మంత్రగత్తెల్ని రెండోసారి కాల్చకముందు నుంచీ అంది. మా వైపు పెద్దవాళ్లు "ఉప్పెన వచ్చిన ఏడు వీడు పుట్టాడు" అంటారు చూడండి, 1977ని అలా గుర్తుపెట్టుకున్నారు. టోరీబర్న్‌లో కాలాన్ని కాల్చివేతలతో కొలుచుకున్నారు. ఆ మంటలు చూసిన తరం ఆమెది. సాతాను ఎలా వస్తాడు, ఏం అడుగుతాడు, నెత్తి మీద చెయ్యి ఎలా పెడతాడు, గిట్టలు ఎలా ఉంటాయి అనేవి ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నడినెత్తి, అరికాళ్ల తంతు స్కాట్లాండ్‌లో వేరే ఊళ్ల ఒప్పుకోళ్లలోనూ ఉంది. ఎవరూ ఆమెకు కొత్తగా నేర్పక్కర్లేదు. పాస్టరు ఎదురుచూస్తున్న జవాబు ఏమిటో ఆయనకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు.

కొట్టలేదన్నారు కదా మీరు. స్కాట్లాండ్‌లో చిత్రహింసకు ప్రివీ కౌన్సిల్ అనుమతి ఉండాలి, నిబంధన ప్రకారం. కానీ నిద్రపోనివ్వకుండా కాపలా కాయడాన్ని వాళ్లు హింస అనుకోలేదు. వంతులవారీగా ఊరివాళ్లు కూర్చుని, కునుకు తీస్తే లేపడం, నడిపించడం. సాతాను రాత్రిపూట వచ్చి ఆమెతో మాట్లాడకుండా కాపలా అని చెప్పుకునేవారు. మూడు రాత్రులు నిద్ర లేకపోతే మనిషికి లేనివి కనబడతాయి, ఇది ఇప్పుడు డాక్టర్లు చెప్పే మాట. దేశమంతా ఎక్కువగా వాడింది ఈ పద్ధతినే. గాయం ఉండదు, రక్తం రాదు, మినిట్స్‌లో రాయాల్సిన అవసరమూ రాదు. సూదితో పొడిచేవాళ్లు వేరే ఉండేవారు. సాతాను ముద్ర వేసిన చోట నొప్పి తెలియదనీ రక్తం రాదనీ నమ్మకం. ట్రానెంట్ ఊరి జాన్ కింకెయిడ్ దాన్నే వృత్తి చేసుకున్నాడు. 1662లో మోసం బయటపడి జైలుకెళ్లాడు. అప్పటికి ఎంతమందిని పొడిచాడో.

బాహాటంగా హింసించిన కేసులూ ఉన్నాయి. 1590లో ఆగ్నెస్ శాంప్సన్ అనే మంత్రసానిని పట్టుకున్నారు, వైద్యం తెలిసిన మనిషి, విధవరాలు. ఆరో జేమ్స్ రాజు డెన్మార్క్ నుంచి పెళ్లాన్ని తెచ్చుకునేటప్పుడు సముద్రంలో తుఫాన్లు వచ్చాయి. ఓడలు సరిగ్గా సిద్ధం చేయలేదన్న నింద మంత్రి మీదికి రాబోతే, డెన్మార్క్‌లో ముందు మంత్రగత్తెల్ని పట్టుకున్నారు. ఆ గాలి ఇక్కడికీ తాకింది. శాంప్సన్‌ను రాజే కూర్చుని ప్రశ్నించాడు. ఒళ్లంతా గొరిగించి ముద్ర వెతికారు, తలకు తాడు చుట్టి మెలిపెట్టారు. 1591 జనవరిలో ఎడిన్‌బరో కోట గుట్ట మీద చంపారు. తుఫాను తెప్పించానని ఆమె కూడా ఒప్పుకుంది. ఆమె నేరపత్రంలో రోగుల దగ్గర చదివిన ప్రార్థనలు కూడా నేరాలుగానే ఎక్కాయి. చదివితే అవి యేసు పేరు మీద చేసిన పద్యాలు.

లిలియస్ దగ్గరికి మళ్లీ. ఎవరైనా నన్ను ఈ కేసులో మీకు నచ్చిన చోటేది అని అడిగితే, పేర్ల దగ్గర అంటాను.

మంత్రగత్తె కేసు ఒక్కరితో ఆగదు. నీతో పాటు ఇంకెవరు ఉన్నారు అన్నదే అసలు ప్రశ్న. 1590ల్లో గానీ 1661లో గానీ వందలమంది మీదికి పాకింది ఇలాగే, ఒక్కొక్కరు ఐదారుగురి పేర్లు చెప్పడం వల్ల. లిలియస్‌ను అడిగారు. వెన్నెల రాత్రి సభలో ఇరవై ముప్ఫై మంది ఉన్నాం అంది. ఎవరెవరు? వాళ్లలో నేను తప్ప ఇప్పుడెవరూ బతికి లేరు అంది. తనను పిలవడానికి ఇంటికొచ్చిన ఆవిడ పేరు చెప్పింది, ఆమె కూడా ఆ చనిపోయినవాళ్లలోదే. మరి తర్వాతి సభల్లో? ఇంకా చాలామంది ఉన్నారు గానీ గొప్పింటి ఆడవాళ్లలా మొహాలకు ముసుగులు వేసుకున్నారు, పోల్చుకోలేకపోయాను అంది.

నేను ఎంతోమంది ముద్దాయిల్ని చూశాను. సాతానుతో పడుకున్నానని ఒప్పుకునే స్థితికి వచ్చిన మనిషి, పక్కవాళ్ల పేర్ల దగ్గర మాత్రం ఇంత తెలివిగా అడ్డం తిరగడం మామూలు విషయం కాదు. తన మెడ ఎలాగూ పోయిందని తెలుసు. ఇంకొకరి మెడ పోకుండా చచ్చినవాళ్లనీ ముసుగులనీ అడ్డం పెట్టింది. చాలా రాతల్లో ఆమెను వీరనారిగా చూపిస్తూ ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, ఎందుకంటే మినిట్స్ ఆగలేదు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ అడిగారు. ఆగ్నెస్ కరీ, ఎల్స్‌పెత్ విలియమ్‌సన్ అనే బతికున్న ఇద్దరి పేర్లు ఆమె నోటి నుంచి వచ్చాయి. అరవై దాటి ఉంటుందని అంచనా వేసే వయసు. నేనైతే ఆమాత్రం కూడా ఆగేవాణ్ణి కాదు.

ఆగస్టు చివర్లో ఆమె చనిపోయింది. ఆత్మహత్య అయ్యుంటుందని కొందరు చరిత్రకారులు అనుకుంటున్నారు. పాతిన తీరు అందుకు తగ్గట్టే ఉంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు చర్చి ఆవరణలో చోటివ్వరు. సాతాను మనిషైతే అసలే ఇవ్వరు. శిక్ష పడలేదు కాబట్టి కాల్చడానికీ లేదు. అందుకని నేలా కాని, సముద్రమూ కాని చోటు చూశారు. అంత బరువైన పలక ఎందుకంటే, సాతాను ఆ శవాన్ని లేపి ఊళ్లోకి పంపుతాడేమోనని. ముసలామె బతికుండగా ఎంత భయపడ్డారో, చచ్చాక అంతకంటే ఎక్కువ భయపడ్డారు.

ఊరంతా పాస్టరు వెనకే ఉందనుకోకండి. హెలెన్ కే అనే ఆవిడ ఉంది. అప్పట్లో చర్చిలో కూర్చోవడానికి ఎవరి పీట వాళ్లు తెచ్చుకునేవారు. లోగన్ గారు మంత్రగత్తెల మీద ప్రసంగం మొదలుపెట్టగానే ఈమె తన పీట చంకన పెట్టుకుని బయటికి నడిచింది. పాస్టరుకి పిచ్చెక్కిందనుకున్నాను అని తర్వాత చెప్పింది. సెషన్ ఆమెను పిలిచి, సంఘం ముందు నిలబెట్టి మందలించాలని తీర్మానించింది. లిలియస్ సమాధి విషయం వచ్చే రోజుల్లోనే పుస్తకంలో ఇదీ ఉంది. 1704లో ఒక పల్లెటూరి ఆడమనిషి మంచి బుద్ధి ఉండి అంత మాట అనగలిగిందంటే, "ఆ కాలంలో అందరూ నమ్మేవారు, ఏం చేస్తాం" అనే వాదన నాకు రుచించదు.

టోరీబర్న్ ఉన్న ఫైఫ్ ప్రాంతపు తీరంలోనే, తూర్పున, పిట్టెన్‌వీమ్‌లో కొన్ని నెలల తర్వాత జరిగింది ఇంకా ఘోరం. జానెట్ కార్న్‌ఫుట్ అనే ఆమె నిర్బంధం నుంచి తప్పించుకుంటే, 1705 జనవరి 30న ఊరిజనం పట్టుకుని కొట్టి, మీద తలుపు వేసి, దాని మీద రాళ్లు పేర్చి చంపేశారు. ఎవరికీ శిక్ష పడలేదు.

లిలియస్ కథ సమాధితో ఆగి ఉంటే బాగుండేది. 19వ శతాబ్దంలో పురాతన వస్తువుల పిచ్చి ఉన్న పెద్దమనుషులు పలక ఎత్తి ఎముకలు తీశారు. పుర్రె కొన్నాళ్లు డన్‌ఫర్మ్‌లిన్‌లో ఒకాయన సొంత సేకరణలో ఉంది, అక్కణ్ణుంచి సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరింది, 1938లో గ్లాస్గో ఎంపైర్ ఎగ్జిబిషన్‌లో జనానికి చూపించారు. తర్వాత జాడ లేదు. శవపేటిక చెక్కతో చేతికర్రలు చేయించుకున్నారు. ఒకటి డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీకి బహుమతిగా వెళ్లిందని చెప్తారు. పుర్రె పోయినా పాత ఫొటోలు మిగిలాయి. 2017లో డండీ విశ్వవిద్యాలయం నిపుణుడు వాటి ఆధారంగా కంప్యూటర్‌లో ముఖం గీశాడు. చూడండి ఒకసారి, నెట్‌లో ఉంది. పళ్లు కాస్త ముందుకున్న మామూలు పెద్దామె. మా వీధి చివర బస్టాపులో ఇలాంటి ఆవిడ రోజూ నిలబడుతుంది.

2022 మార్చి 8న అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత (ఫస్ట్ మినిస్టర్) నికోలా స్టర్జన్ అక్కడి పార్లమెంటులో ఆ 1563 చట్టం కింద నిందలు మోసినవాళ్లకీ, శిక్ష పడ్డవాళ్లకీ, చనిపోయినవాళ్లకీ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. క్షమాపణ వేరు, చట్టప్రకారం శిక్షను మాఫీ చేయడం వేరు. మాఫీ చట్టం రావాలని ఉద్యమం నడిపినవాళ్లున్నారు. లాయరుగా నాకు తోచింది ఒకటే: అలాంటి చట్టం వచ్చినా లిలియస్‌కు అందులో మాఫీ చేయడానికేమీ ఉండదు. ఆమె మీద తీర్పే లేదు. రికార్డులో ఇప్పటికీ ఆమె ఒప్పుకోలు మాత్రమే ఉంది.

మీరడిగిన రెండో ప్రశ్న, "ఎంతో కొంత నిజం ఉండబట్టేనా?" దానికీ చెప్తాను. కొంత నిజం ఉండొచ్చు, మీరనుకున్నది కాదు. కోతల కాలం, పొద్దు గుంకే వేళ, పనల పక్కకు రమ్మన్న టోపీ మనిషి, చల్లటి ఒళ్లు. గిట్టలు తీసేస్తే ఇది ఎవరో మగవాడు ఒక ఆడపిల్లతో ప్రవర్తించిన తీరు. అలాంటి జ్ఞాపకం ఏదో ఉండి, ఏళ్ల తర్వాత ప్రశ్నల ఒత్తిడిలో సాతాను రూపం కట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ, రుజువు చేయలేను, కోర్టులో అయితే నోరెత్తను.

ఈసారి వచ్చినప్పుడు చూడాలనుకుంటే డన్‌ఫర్మ్‌లిన్ నుంచి టోరీబర్న్‌కి బస్సుంది. వెళ్లేముందు ఆటుపోట్ల టైమింగ్ చూసుకోండి, పలక నీళ్లు తగ్గినప్పుడే కనబడుతుంది. 2014లో పురావస్తు శాఖ వాళ్లు నాచు తొలగించి గుర్తించారు. మంత్రగత్తె అన్న నింద పడ్డవాళ్లలో స్కాట్లాండ్‌లో సమాధి ఎక్కడుందో తెలిసినది ఈమెకొక్కదానికే, మరణశిక్ష పడ్డవాళ్లను మామూలుగా కాల్చి బూడిద చేసేవారు. నేను మొదటిసారి చెప్పులతో వెళ్లి మోకాలి దాకా దిగబడ్డా. మా కోడలు ఇప్పటికీ నవ్వుతుంది. రబ్బరు బూట్లు వేసుకెళ్లండి.